నెట్ ఉంది, సైట్ రావట్లేదు: డీఎన్ఎస్ అంటే దారి చెప్పే మనిషి



ఈ ఎపిసోడ్ డీఎన్ఎస్ గురించి. "అన్నా, డీఎన్ఎస్ మారిస్తే నెట్ స్పీడ్ పెరుగుతుందా?", "ఫలానా నంబర్ పెడితే గేమ్‌లో ల్యాగ్ తగ్గుతుందా?" అని చాలామంది అడుగుతున్నారు. వాటికి జవాబు చెప్తాను, సెట్టింగ్స్ ఎక్కడ ఉంటాయో కూడా చెప్తాను. కానీ అంతకంటే ముందు నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. ఆ తప్పు వల్ల మా చెల్లి ఇంజనీరింగ్ సీటు పోయేదాకా వచ్చింది.

మా పిన్ని వాళ్లది ఆగిరిపల్లి. నూజివీడు మామిడి అంటారు కదా, ఆ కాయలు కాసే ఊళ్లలో అదొకటి. శోభనాచలం కొండ, నరసింహస్వామి గుడి ఉన్న ఊరు. పిన్ని వాళ్ల ఇల్లు ఊరికి కాస్త అవతల, తోటలో. చుట్టూ బంగినపల్లి చెట్లు, రసాల చెట్లు. చల్లగా ఉంటుంది గానీ ఇంట్లో సెల్ సిగ్నల్ ఉండదు. డాబా ఎక్కితే ఒక గీత వస్తుంది. మాట్లాడుకోవడానికి సరిపోతుంది, డేటా మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే కేబుల్ లాగించుకుని వైఫై పెట్టించుకున్నారు.

జూలై నెల. కాయలన్నీ అయిపోయాయి. చెల్లికి ఇంజనీరింగ్ కౌన్సెలింగ్, వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆ రాత్రితో గడువు. పొద్దున్నుంచీ కాలేజీల లిస్టు కాగితం మీద రాసుకుని, వాళ్ల సార్‌ని అడిగి, మళ్లీ కొట్టేసి, మళ్లీ రాసి, రాత్రి ఎనిమిదికి కంప్యూటర్ ముందు కూర్చుంది. సైట్ ఓపెన్ కాలేదు. ఆఖరి రోజు కదా, రద్దీ ఎక్కువై ఉంటుందిలే అనుకున్నారు. తొమ్మిదయింది, పదయింది. అదే తెల్ల పేజీ. విచిత్రం ఏంటంటే, వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి. "నెట్ బాగానే ఉంది, సైటే పడిపోయింది" అని బాబాయి తేల్చేశాడు. ఫ్రెండ్స్ మాత్రం "మాకు ఓపెన్ అవుతోందే" అని మెసేజ్‌లు పెడుతున్నారు. అది చూసి చెల్లి ఏడుపు.

పదిన్నర దాటాక పిన్ని డాబా ఎక్కి విజయవాడలో ఉన్న నాకు ఫోన్ చేసింది. "ఒరేయ్ నాన్నా, నువ్వు కంప్యూటర్లోడివి కదరా, ఏదో ఒకటి చెప్పు" అని.

ఆ సీన్ ఎలా ఉందో చెప్తాను. చెల్లి కింద గదిలో కంప్యూటర్ దగ్గర. పిన్ని డాబా మీద, చెవి దగ్గర ఫోన్. నేను విజయవాడలో. చెల్లి కిందనుంచి అరుస్తుంది, పిన్ని అది నాకు చెప్తుంది. నేను చెప్పింది పిన్ని మళ్లీ కిందకి అరుస్తుంది. ఈ వరస గుర్తుపెట్టుకోండి, డీఎన్ఎస్ పని చేసేది అచ్చం ఇలాగే.

మొదట ఒకటి చేయించాను. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, 8.8.8.8 అని కొట్టమన్నాను. వెంటనే రిప్లైలు వరసగా వచ్చాయి. తర్వాత అదే పింగ్, ఈసారి గూగుల్ డాట్ కామ్ అని పేరు కొట్టమన్నాను. "హోస్ట్ దొరకలేదంట" అని పిన్ని చెప్పింది.

అర్థమైందా అండి? నంబర్‌తో అడిగితే దారి ఉంది. పేరుతో అడిగితే లేదు. కేబుల్ బాగుంది, సైట్ బాగుంది, మధ్యలో దారి చెప్పేవాడు పలకట్లేదు. ఆ దారి చెప్పేవాడే డీఎన్ఎస్ సర్వర్.

ఇక్కడ కథ కాసేపు ఆపుతాను. డీఎన్ఎస్ ఏం చేస్తుందో చూద్దాం.

కంప్యూటర్లకి పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. వాటినే ఐపీ అడ్రస్ అంటాం. మనకేమో నంబర్లు గుర్తుండవు, పేర్లే గుర్తుంటాయి. మొదట్లో ఏం చేసేవారంటే, నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్లన్నిటి పేర్లూ నంబర్లూ ఒకే ఫైల్‌లో రాసి పెట్టేవారు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ టీమ్ ఆ ఫైల్ చూసుకునేది. కొత్త కంప్యూటర్ వస్తే వాళ్లకి చెప్పాలి, వాళ్లు రాస్తారు, మిగతావాళ్లు ఆ ఫైల్ కాపీ తెచ్చుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది కుదరలేదు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే ఆయన ఆ ఒక్క ఫైల్‌ని ప్రపంచమంతా పంచేసే పద్ధతి తయారు చేశాడు. అదే డీఎన్ఎస్. ఇప్పటికీ మనం వాడేది అదే.

పంచడం అంటే ఎలా? మన పోస్టు ఉత్తరమే తీసుకోండి. అడ్రస్ ఎలా రాస్తాం? మనిషి పేరు, వీధి, ఆగిరిపల్లి, జిల్లా, రాష్ట్రం. కానీ పోస్టల్ వాళ్లు కింద నుంచి చదువుతారు. ముందు రాష్ట్రం, తర్వాత జిల్లా, తర్వాత ఊరు, చివర్లో మనిషి. వెబ్‌సైట్ పేరు కూడా అంతే, కుడి నుంచి ఎడమకి చదవాలి. ఒక సైట్ పేరు చివర డాట్ ఇన్ ఉందనుకోండి. మీ తరఫున అడిగే సర్వర్ ముందు రూట్ సర్వర్ల దగ్గరికి వెళ్తుంది. రూట్ సర్వర్లకి మొత్తం 13 పేర్లు ఉన్నాయి, 12 సంస్థలు నడుపుతాయి, వాటి కాపీలు ప్రపంచమంతా ఉంటాయి. రూట్‌కి ఆ సైట్ తెలియదు. "డాట్ ఇన్ సంగతి ఫలానా వాళ్లని అడుగు" అంటుంది. డాట్ ఇన్ వాళ్లు "ఆ పేరు వివరాలు ఫలానా సర్వర్ దగ్గరున్నాయి" అంటారు. ఆ చివరి సర్వర్ అసలు నంబర్ చెప్తుంది.

ఇన్ని చోట్ల తిరిగేది మీ ఫోన్ కాదు. మీ ఫోన్ ఒక్కరినే అడుగుతుంది. ఆ ఒక్కరు తిరిగి, కనుక్కుని, వచ్చి చెప్తారు. చెల్లి పిన్నిని అడిగింది, పిన్ని నన్ను అడిగి చెప్పింది చూడండి, అలా. ఈ మధ్యవర్తిని రిజాల్వర్ అంటారు. మీరు సెట్టింగ్స్‌లో డీఎన్ఎస్ అని పెట్టే నంబర్ ఈ రిజాల్వర్‌దే.

రిజాల్వర్ ఒకసారి కనుక్కున్న జవాబుని కొంతసేపు దాచుకుంటుంది. ఎంతసేపు అనేది ఆ సైట్ వాళ్లే చెప్తారు, దాన్ని టీటీఎల్ అంటారు. 300 అని ఉంటే ఐదు నిమిషాలు, 86400 అని ఉంటే ఒక రోజు. ఆగిరిపల్లి వాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతే. 2022 ఏప్రిల్ 4న ఆ ఊరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. ఆ తర్వాత కూడా మా బాబాయి చాలాకాలం కృష్ణా జిల్లా అనే రాశాడు. ఊరు అక్కడే ఉంది, మారింది మారింది, దాచుకున్న అడ్రస్ మాత్రం పాతది. ఏదైనా సైట్ సర్వర్ మార్చినప్పుడు మీ ఫ్రెండ్‌కి ఓపెన్ అయ్యి మీకు కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. విండోస్‌లో అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్, ఖాళీ, స్లాష్ ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొడితే ఆ కంప్యూటర్ దాచుకున్న పాత జవాబులన్నీ పోతాయి.

డీఎన్ఎస్ పలకకపోతే ఏమవుతుందో మీలో చాలామంది కళ్లారా చూశారు. 2021 అక్టోబర్ 4, సోమవారం, మన టైమ్‌లో రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారి ఆగిపోయాయి. సుమారు ఆరు గంటలు. ఆ కంపెనీ తన నెట్‌వర్క్‌లో చేసిన ఒక మార్పు వల్ల, తన డీఎన్ఎస్ సర్వర్లకి వెళ్లే దారే ఇంటర్నెట్ నుంచి తొలగిపోయింది. మన ఫోటోలు, మెసేజ్‌లు ఎక్కడికీ పోలేదు. అడ్రస్ చెప్పేవాడు మాయమయ్యాడు, అంతే.

మరి ఆ రాత్రి చెల్లికి వాట్సాప్ ఎలా వచ్చింది అంటారా? వాట్సాప్ కనెక్షన్ సాయంత్రమే కుదిరిపోయింది. ఒకసారి ఇల్లు చేరాక మళ్లీ దారి అడగక్కర్లేదు కదా. కొత్త సైట్‌కి వెళ్లాలంటేనే అడగాలి. అందుకే "వాట్సాప్ వస్తోంది కాబట్టి నెట్‌లో ఏ లోపం లేదు" అనుకోవద్దు.

ఇప్పుడు మళ్లీ డాబా మీదకి వద్దాం. టైమ్ పదకొండు కావస్తోంది. పింగ్ రిజల్ట్ విన్నాక చెల్లితో ఐపీకాన్ఫిగ్, స్లాష్ ఆల్ అని కొట్టించాను. అందులో డీఎన్ఎస్ సర్వర్స్ అనే లైన్‌లో ఏ నంబర్ ఉందో చదవమన్నాను. పిన్ని ఒక్కో అంకె చదువుతుంటే నాకు ఒళ్లు చల్లబడింది. ఆ నంబర్ పెట్టింది నేనే.

మూడేళ్ల కింద, ఎండాకాలం సెలవులకి వాళ్ల తోటకి వెళ్లాను. కాయలు తినడం, గేమ్ ఆడటం, ఇదే పని. గేమ్ ల్యాగ్ అవుతోందని, కొన్ని సినిమా సైట్లు రావట్లేదని ఒక వీడియో చూశాను. "ఈ నంబర్ పెట్టండి, రాకెట్ స్పీడ్" అన్నాడు అందులో. ఎవరి సర్వరో, ఏ దేశంలో ఉందో ఏమీ చూడలేదు. రౌటర్‌లోకి వెళ్లి పెట్టేశాను. రెండో నంబర్ గడి ఖాళీగా వదిలేశాను. ఇంటికొచ్చేశాను, మర్చిపోయాను. మూడేళ్లు అది పనిచేసింది. ఆ సాయంత్రం ఆగిపోయింది.

రౌటర్ మార్చే టైమ్ లేదు. ముందు చెల్లి కంప్యూటర్ ఒక్కటి చూద్దాం అనుకున్నా. అది విండోస్ 11. సెట్టింగ్స్, అందులో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో వైఫై, తర్వాత హార్డ్‌వేర్ ప్రాపర్టీస్. అక్కడ డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ అని ఉంటుంది, పక్కన ఎడిట్. ఆటోమేటిక్ ఉన్నచోట మాన్యువల్ పెట్టి, ఐపీవీ4 ఆన్ చేసి, మొదటి గడిలో 8.8.8.8, రెండో గడిలో 8.8.4.4, సేవ్. ఇవి 2009 నుంచి గూగుల్ అందరికీ ఇస్తున్న డీఎన్ఎస్ నంబర్లు. ఇదంతా పిన్ని డాబా మీంచి ఒక్కో మాట అరుస్తూ చెప్పింది. "ఎడిట్ అంటనే, ఎడిట్! ఎగ్జిట్ కాదు!" అని ఆవిడ అరుస్తుంటే పక్క తోట కాపలా తాత టార్చిలైట్ వేసుకుని వచ్చాడంట, దొంగలు పడ్డారేమో అని.

పదకొండుంబావుకి కింద నుంచి చెల్లి కేక. సైట్ వచ్చింది. కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో ఆప్షన్ పెట్టింది. గడువులోపే సేవ్ అయింది.

నన్ను అందరూ మెచ్చుకున్నారు. బాబాయి అయితే "మావాడు విజయవాడలో కూర్చుని బాగుచేశాడు" అని తర్వాత రోజు ఊరంతా చెప్పాడు. చెడగొట్టింది కూడా నేనే అని ఆ రాత్రి చెప్పలేకపోయాను. వారం తర్వాత వెళ్లి చెప్పాను. చెల్లి వెంటనే ఒక ప్రశ్న వేసింది: "అయితే అన్నయ్యా, మూడేళ్ల నుంచి మేం ఏ సైట్ చూస్తున్నామో ఆ సర్వర్ వాడికి తెలుసా?"

తెలుసు. ఈ ఎపిసోడ్ చేసింది ఈ జవాబు కోసమే. ఆ ఇంట్లో రౌటర్ చెప్పినట్టు నడిచే ఏ ఫోన్ అయినా, ఏ కంప్యూటర్ అయినా, బ్యాంక్ సైట్ అడిగినా, ఆసుపత్రి సైట్ అడిగినా, ఆ పేరు ముందు ఆ సర్వర్‌కి చేరింది. పాస్‌వర్డ్‌లు, మెసేజ్‌లు దానికి తెలియవు. కానీ ఎవరి ఇంటికి ఎప్పుడు వెళ్లావో తెలుసు. ఇంకో ప్రమాదం, అది తప్పు దారి కూడా చెప్పగలదు. మీరు సరైన పేరే కొట్టినా వేరే చోటికి పంపగలదు.

ఇది ఊహ కాదు. డీఎన్ఎస్ ఛేంజర్ అని ఒక వైరస్ ఉండేది. కంప్యూటర్లలోకి దూరి చేసే ముఖ్యమైన పని, డీఎన్ఎస్ నంబర్ మార్చేయడం. 100కి పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లకి సోకింది. వాటిని వాడేవాళ్లని తమకి డబ్బు వచ్చే యాడ్స్ వైపు, నకిలీ సైట్ల వైపు తిప్పేవారు. 2011 నవంబర్‌లో అమెరికా ఎఫ్‌బీఐ ఆ ముఠా గుట్టు బయటపెట్టింది. కానీ ఆ దొంగ సర్వర్లని వెంటనే ఆపలేకపోయారు. ఆపితే అన్ని లక్షల మందికీ నెట్ ఆగిపోతుంది. వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి, జనానికి కంప్యూటర్లు బాగుచేసుకునే టైమ్ ఇచ్చి, చివరికి 2012 జూలై 9న ఆపేశారు. ఆ వైరస్ దొంగతనంగా చేసిన పనిని, మా పిన్ని ఇంట్లో నేను చేతులారా చేశాను.

ఇప్పుడు మీ ఫోన్ల సంగతి. ఆండ్రాయిడ్ 9 నుంచి, అంటే 2018 నుంచి, ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో పైన సెర్చ్ గడిలో ప్రైవేట్ డీఎన్ఎస్ అని కొడితే వచ్చేస్తుంది. ఆఫ్, ఆటోమేటిక్, ప్రొవైడర్ పేరు, మూడు ఆప్షన్లు. ఇక్కడ నంబర్ తీసుకోదు, పేరే ఇవ్వాలి. ఉదాహరణకి గూగుల్‌ది డీఎన్ఎస్ డాట్ గూగుల్. క్లౌడ్‌ఫ్లేర్‌ది వన్ డాట్ వన్ డాట్ వన్ డాట్ వన్, అంకెల్లో కాకుండా ఇంగ్లిష్ అక్షరాల్లో. ఇది పెడితే మీ ప్రశ్న తాళం వేసిన కవర్లో వెళ్తుంది, దారిలో ఉన్న వైఫై వాళ్లు చదవలేరు. కానీ కవర్ విప్పే రిజాల్వర్ చదువుతుంది. అంటే నమ్మకం మాయం కాలేదు, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి మారింది. ఇంకో సంగతి, మీరు ఇచ్చిన పేరు సర్వర్ ఆగిపోతే ఫోన్ వేరే దారి వెతుక్కోదు. వైఫై మార్చినా, డేటా మార్చినా ఏదీ ఓపెన్ కాదు. అప్పుడు ముందు ఈ సెట్టింగ్‌ని ఆటోమేటిక్ చేసి చూడండి.

లినక్స్ వాడే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం రెండు మాటలు. పేరు అడగగానే సిస్టమ్ మామూలుగా ముందు తన దగ్గరున్న హోస్ట్స్ అనే చిన్న ఫైల్ చూస్తుంది, తర్వాతే డీఎన్ఎస్‌ని అడుగుతుంది. ఆ పాత ఒక్క ఫైల్ పద్ధతికి మిగిలిన గుర్తు ఇదే, విండోస్‌లో కూడా ఉంది. ఒక్క సైట్ మాత్రమే తేడాగా వస్తుంటే ఆ ఫైల్‌లో ఎవరైనా ఏదైనా రాశారేమో చూడండి. ఇక ఉబుంటులో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్ తెరిస్తే 127.0.0.53 అని కనపడుతుంది. వైరస్ అని కంగారు పడొద్దు, అది మీ కంప్యూటర్లోనే ఉన్న చిన్న మధ్యవర్తి. అసలు ఎవరిని అడుగుతోందో చూడాలంటే టెర్మినల్‌లో రిజాల్వ్‌సీటీఎల్, ఖాళీ, స్టేటస్ అని కొట్టండి.

మొదటి ప్రశ్నకి జవాబు. డీఎన్ఎస్ మారిస్తే స్పీడ్ పెరుగుతుందా? మీ పాత డీఎన్ఎస్ బాగా నెమ్మదిగా ఉంటే పేజీ తెరుచుకోవడం మొదలయ్యే ఆ క్షణం కాస్త త్వరగా అవుతుంది. డౌన్‌లోడ్ మొదలయ్యాక పైపు అదే, నీళ్లు అవే. గేమ్ మధ్యలో ల్యాగ్‌కీ దీనికీ దాదాపు సంబంధం లేదు, ఎందుకంటే గేమ్ సర్వర్ అడ్రస్ మొదట్లోనే దొరికిపోయింది.

చివరగా మీరు చేయాల్సినవి. సైట్ రాకపోతే నంబర్‌తో ఒకసారి, పేరుతో ఒకసారి పింగ్ చేయండి, లోపం ఎక్కడో తెలుస్తుంది. డీఎన్ఎస్ మూడు చోట్ల ఉండొచ్చు: రౌటర్లో, ఫోన్ లేదా కంప్యూటర్ సెట్టింగ్స్‌లో, బ్రౌజర్లో సెక్యూర్ డీఎన్ఎస్ అనే చోట. ఒకచోట మార్చి ఇంకోచోట మర్చిపోతే లాభం లేదు. రెండో గడి ఖాళీగా వదలొద్దు. అయితే మొదటి సర్వర్ పలకనప్పుడే సిస్టమ్ రెండోదాన్ని అడుగుతుంది, మొదటిది తప్పు చెప్తే రెండోది వచ్చి సరిదిద్దదు. సర్టిఫికెట్ తేడాగా ఉందని బ్రౌజర్ ఎర్రగా హెచ్చరిస్తే, పేరు ఒకటి, చేరిన ఇల్లు ఇంకొకటి కావొచ్చు. దాటేసి ముందుకి వెళ్లొద్దు.

వేరేవాళ్ల ఇంట్లో ఏదైనా మారిస్తే రౌటర్ మీద ఒక కాగితం అంటించి, ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో రాయండి. నేను వెళ్లినప్పుడు అదే చేశాను. బ్రౌజర్లో 192.168.1.1 అని నంబర్ కొట్టి రౌటర్లోకి వెళ్లాను. నంబర్ కాబట్టి డీఎన్ఎస్ లేకపోయినా తెరుచుకుంటుంది. నేను పెట్టిన నంబర్ తీసేసి, నెట్ కనెక్షన్‌తో వచ్చేదాన్నే మళ్లీ ఉంచాను. పాస్‌వర్డ్ మార్చి పిన్నికి ఇచ్చాను. నాకు కూడా చెప్పొద్దన్నాను.

ఈ వీడియో అయ్యాక మీ ఇంట్లో అమ్మ ఫోన్ ఒకసారి తీసుకుని, ప్రైవేట్ డీఎన్ఎస్‌లో ఏముందో చూడండి. అక్కడ ఏదైనా పేరు ఉంటే అది ఎవరిదో, ఎవరు పెట్టారో కనుక్కోండి. పెట్టింది మీరే అయితే, ఇవాళే చెప్పేయండి.

మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.